అంతా దేవుడే అయితే అన్నిటికీ ప్రాణం ఉన్నట్టేనా?

ఏ పూజకైనా ముందు పసుపు గణపతి ఉండాల్సిందే. చెంచాడు పసుపులో నాలుగు చుక్కల నీళ్లు వేసి, ముద్ద చేసి, వేళ్లతో నొక్కి తమలపాకు మీద నిలబెడతారు. ఆవాహనం చెప్పగానే అది గణపతి. పూజ ముగిశాక 'యథాస్థానముద్వాసయామి' అని కాస్త కదిలిస్తే మళ్లీ పసుపు. దాన్ని నీళ్లలో కలిపి చెట్టు మొదట్లో పోసినా ఎవరికీ తప్పనిపించదు.

అంతా దేవుడే అని నమ్మే ఇంట్లో ఈ పిలవడం, సాగనంపడం ఎందుకు? పసుపు ముందు నుంచీ దేవుడే కదా? కొందరు దీన్ని వైరుధ్యంగా చూపిస్తారు. కాదు. 'ఇది దైవమా' అన్నది ఒక ప్రశ్న, 'ఇందులో ప్రాణం ఉందా' అన్నది ఇంకొకటి, 'దీనికి తెలుస్తుందా' అన్నది మూడోది. తంతు ఈ మూడింటినీ విడిగానే ఉంచింది. కలిపేసింది మన మాటలే. 'అణువణువునా ప్రాణం తొణికిసలాడుతోంది' అని భక్తితో అన్న వాక్యం నాలుగు చేతులు మారేసరికి 'రాయికి కూడా ప్రాణం ఉందని వేదం చెప్పింది' అయిపోతుంది.

మనం ఒకే ఊపిరిలో అనేసే మూడు వాక్యాలు చూడండి. 'అంతా దేవుడే.' 'అంతటా దేవుడున్నాడు.' 'అంతా దేవుడిలోనే ఉంది.' ప్రత్యయం మారితే సిద్ధాంతమే మారిపోతుంది.

మొదటిది సర్వేశ్వరవాదం, అంటే పాంథీయిజం. విశ్వమూ దేవుడూ రెండు కావు, ఒకే దానికి రెండు పేర్లు. రెండోది సర్వవ్యాపకత్వం. ఇందులో దేవుడు వేరు, స్తంభం వేరు, స్తంభంలో ఆయన ఉన్నాడు. 'ఇందుగలఁ డందు లేఁడని సందేహము వలదు' అన్న ప్రహ్లాదుడి మాట ఈ కోవలోది. స్తంభమే నరసింహుడని అతను అనలేదు. స్తంభం పగిలింది, స్వామి బయటికి వచ్చాడు. మూడో వాక్యం ప్రకారం విశ్వం దేవుడిలో ఇమిడి ఉంది, ఆయన దాన్ని దాటి కూడా ఉన్నాడు. పురుషసూక్తం దీన్ని పాళ్లు కట్టి చెబుతుంది: సమస్త భూతాలూ ఆయనలో ఒక పాదం, మిగిలిన మూడు పాదాలు అమృతమై పైన ఉన్నాయి, భూమినంతా కమ్ముకుని ఇంకా పది అంగుళాలు మించి నిలిచాడు. గీత తొమ్మిదో అధ్యాయం నాలుగో శ్లోకంలోనూ ఇదే మాట: అన్ని భూతాలూ నాలో ఉన్నాయి, నేను వాటిలో లేను.

పోతన గజేంద్రుడి మొరలో 'జగ మెవ్వని లోపల నుండు లీనమై' అని మూడో వాక్యమూ, 'సర్వముఁ దానయైన వాఁడెవ్వఁడు' అని మొదటి వాక్యమూ ఒకే పద్యంలో పక్కపక్కనే నిలిచాయి. మొరపెట్టుకునేవాడికి దాంతో ఇబ్బంది లేదు. వాదించేవాడికి ఉంది. అన్నిటికీ ప్రాణం ఉందా అన్న ప్రశ్న నేరుగా పుట్టేది మొదటి వాక్యంలోంచే కాబట్టి, దాన్ని అందరికంటే కచ్చితంగా కట్టిన మనిషి దగ్గరికి వెళ్లాలి.

ఆ మనిషి బారూక్ స్పినోజా అనే తత్త్వవేత్త. 1632లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. 1656 జులై 27న అక్కడి యూదు సమాజం అతన్ని వెలివేసింది. అప్పటికి ఇరవై మూడేళ్లు. కటకాలు అరగదీస్తూ బతికి 1677లో చనిపోయాడు. ప్రధాన గ్రంథం 'ఎథిక్స్' ఆ ఏడాదే, అతను పోయాకే అచ్చయింది. 'దేవుడు, లేదా ప్రకృతి' అన్న ప్రసిద్ధమైన జంట అందులోదే. ఉన్నది ఒకే ఒక్క మూలవస్తువు. దాన్ని ఒక వైపు నుంచి చూస్తే ఆకారాలూ కదలికలూ, ఇంకో వైపు నుంచి చూస్తే ఆలోచనలు. రాయి, చేప, మనిషి అన్నీ ఆ వస్తువు తీసుకున్న రూపాలు. కడలి ఒకటే, కెరటాలు అనేకం అంటామే, దాదాపు అలాంటిది.

రెండో భాగం పదమూడో ప్రతిపాదన కింద అతను రాసిన వాక్యం మీదే మూడున్నర శతాబ్దాలుగా వాదన నడుస్తోంది: వస్తువులన్నీ, వేర్వేరు స్థాయిల్లో అయినా, ప్రాణమున్నవే. ఇంత స్పష్టంగా ఉంటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ మాటకు అతను ఇచ్చుకున్న అర్థం వేరు. ప్రతి శరీరానికీ దైవబుద్ధిలో ఒక భావం ఉంటుంది. ఆ భావమే ఆ వస్తువుకు 'మనసు'. శరీరం ఎంత చిక్కగా అల్లుకుని ఉంటే, ఒకేసారి ఎన్ని రకాలుగా చలించగలిగితే, మనసూ అంత సమర్థమైనది. గులకరాయి శరీరం చాలా సాదా, కాబట్టి దాని మనసూ అంతే సాదా. అది బాధపడుతుందనీ, ఆశపడుతుందనీ అతను ఎక్కడా అనలేదు. విసిరిన రాయి తన ఇష్టంతోనే ఎగురుతున్నానని అనుకుంటుంది అన్న అతని ఉదాహరణను చాలామంది సాక్ష్యంగా తెస్తారు. 1674 నాటి ఆ ఉత్తరంలో ఉన్నది 'ఒకవేళ రాయికి స్పృహ ఉంటే' అన్న షరతు. పైగా అది చెప్పింది మనిషి స్వేచ్ఛ గురించి, రాయి గురించి కాదు.

1663లో అచ్చయిన రచనలో అతను ప్రాణానికి నిర్వచనం కూడా ఇచ్చాడు: వస్తువులు తమ ఉనికిలో నిలదొక్కుకునే శక్తే ప్రాణం. ముడి అంతా ఇక్కడే ఉంది. ఈ నిర్వచనం ఒప్పుకుంటే రాయికి ప్రాణం ఉన్నట్టే, ఎందుకంటే కొడితే గానీ పగలదు, తోస్తే గానీ కదలదు. కానీ ఆ మొండితనాన్ని భౌతికశాస్త్రం జడత్వం అంటుంది. ప్రాణం అన్న మాటను జడత్వాన్ని కూడా కలుపుకునేంత సాగదీశాక 'అన్నిటికీ ప్రాణం ఉంది' అన్నది లోకం గురించి కొత్తగా కనుక్కున్న విషయం కాదు, మాటకు ఒప్పుకున్న కొత్త అర్థం. ఎవరైనా ఈ వాక్యం అన్నప్పుడు నేను ముందు అడిగేది ఒకటే: మీ లెక్కలో ప్రాణం లేనిది ఎలా ఉంటుంది? జవాబు లేకపోతే ఆ మాట దేన్నీ వేరు చేసి చూపడం లేదన్నమాట.

సర్వేశ్వరవాదులు తరచూ పడే తప్పటడుగు ఇంకొకటి ఉంది. మొత్తం విశ్వం జీవమున్న ఒకే దేహం, కాబట్టి అందులో ప్రతి ముక్కా జీవమున్నదే అంటారు. టేకు మాను అడ్డంగా కోసిన చోట నిలబడి చూస్తే ఈ 'కాబట్టి' ఎంత బలహీనమో తెలుస్తుంది. నడుమ ముదురు రంగులో ఉండే చేవలో బతికున్న కణం ఒక్కటీ ఉండదు. చుట్టూ ఉన్న లేత చెక్కలో నీళ్లు పైకి లాగే గొట్టాలు కూడా చచ్చిన కణాల గోడలే, వాటి మధ్య కొన్ని కణాలు మాత్రం బతికుంటాయి. చెక్కకీ బెరడుకీ మధ్య, కంటికి సరిగా ఆనని పలుచని పొర ఒకటి ఉంటుంది. చెట్టు లావెక్కడమంతా దాని పనే. పై బెరడు మళ్లీ నిర్జీవం. అంటే పెద్ద మానులో బరువులెక్కన ఎక్కువ భాగం ప్రాణం లేనిదే. అయినా చెట్టు బతికే ఉంది, చేవ లేకపోతే అంత ఎత్తున నిలబడనూ లేదు. చేవ ఆ చెట్టులో భాగమేనా? నిస్సందేహంగా. దానికి ప్రాణం ఉందా? లేదు. ఈ రెండు జవాబులూ ఒకదాన్నొకటి కొట్టేయవు. తిరగేసినా అంతే. ఊళ్లో అందరికీ ప్రాణం ఉన్నంత మాత్రాన ఊరనే ఇంకొక ప్రాణి అక్కడ ఉన్నట్టు కాదు.

మన దర్శనకారులకు ఈ తేడా బాగా తెలుసు. ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెట్టును చూపిస్తాడు: మొదట్లో నరికితే రసం కారుతుంది కానీ బతికే ఉంటుంది. జీవం ఒక కొమ్మను విడిస్తే ఆ కొమ్మ ఎండుతుంది, చెట్టునంతా విడిస్తే చెట్టంతా ఎండుతుంది. 'తత్త్వమసి' చెప్పిన గురువే, అదే చోట, ఎండిన కొమ్మకూ పచ్చి కొమ్మకూ తేడా చూపించాడు. ఐతరేయ ఆరణ్యకం మెట్లు కడుతుంది: చెట్టుచేమల్లో ఆత్మ రసంగా కనిపిస్తుంది, జంతువుల్లో చిత్తంగా కనిపిస్తుంది, మనిషిలో అందరికంటే ఎక్కువ వెల్లడవుతుంది, ఎందుకంటే అతనికి రేపటి సంగతి తెలుసు. ఆత్మ లేని చోటు లేదు, వెల్లడి కావడంలో హెచ్చుతగ్గులు ఉన్నాయి.

అద్వైతం దీన్ని ఇంకా బిగించింది. పంచదశిలో విద్యారణ్యులు ఇచ్చిన ఉపమానం ప్రకారం ఎండ పడ్డ గోడ ఎటూ వెలుగుతూనే ఉంటుంది. అదే గోడ మీద అద్దంతో వెలుగు తిప్పి కొడితే ఆ మేర రెండోసారి వెలుగుతుంది. చైతన్యం ఎండలాంటిది, కుండ మీదా దేహం మీదా సమానమే. అంతఃకరణం, అంటే మనసు అనే అద్దం ఉన్న చోటే ప్రతిఫలించి 'నాకు తెలుస్తోంది' అవుతుంది. కుండకు ఆ అద్దం లేదు. కాబట్టి అద్వైతి 'కుండలోనూ బ్రహ్మమే' అని గుండె మీద చేయి వేసుకుని చెబుతూనే 'కుండ జీవి కాదు' అనగలడు. పైగా నామరూపాలతో ఉన్న ఈ జగత్తు ఉన్నది ఉన్నట్టుగా దేవుడు అని అతను అనడు, కాబట్టి స్పినోజాతో ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. రామానుజుల విశిష్టాద్వైతంలో చిత్తు, అచిత్తు రెండూ ఈశ్వరుడి శరీరం. చిత్తు అంటే తెలివి ఉన్నది, అచిత్తు అంటేనే తెలివి లేనిది. దేవుడి ఒంట్లో భాగం కావడానికి అది అడ్డు కాలేదు. టేకు చేవ సంగతే మళ్లీ.

మరి రాయికీ నీటికీ నిజంగానే ప్రాణం ఉందన్న వాళ్లు ఎవరూ లేరా? ఉన్నారు. వాళ్లు జైనులు, దేవుడితో సృష్టిని ముడిపెట్టని వాళ్లు! వాళ్ల లెక్కలో ఒకే పరమాత్మ లేడు, విడివిడిగా అనంతమైన జీవులున్నాయి. భూమి, నీరు, నిప్పు, గాలి శరీరాలుగా ఉన్న జీవులకూ చెట్లకూ ఒకే ఇంద్రియం, స్పర్శ. పురుగుకు రెండు, చీమకు మూడు, తేనెటీగకు నాలుగు, మనకు ఐదు. ఒక్క ఇంద్రియం ఉన్నదానికి కూడా స్పర్శ, కాయబలం, ఊపిరి, ఆయువు అనే నాలుగు ప్రాణాలు లెక్కకట్టారు. ముఖ్యంగా, 'ప్రాణం లేనిది ఎలా ఉంటుంది' అన్న ఇందాకటి ప్రశ్నకు వాళ్ల దగ్గర సూటి జవాబుంది. తవ్వకముందు మట్టి సచిత్తం, అంటే ప్రాణమున్నది. కాలిస్తే అచిత్తం, ప్రాణం లేనిది. నీళ్లు కాచితే అచిత్తం, కానీ శాశ్వతంగా కాదు. జైనుల్లో శ్వేతాంబర శాఖ ఆచారంలో కాచిన నీటికి వేసవిలో 5 జాములు, చలికాలంలో 4, వానాకాలంలో 3 గడువు. జాముకు మూడు గంటలు. గడువు దాటితే మళ్లీ జీవం చేరినట్టే, ఆ నీళ్లు తాగరు. 'అన్నిటికీ ప్రాణం' అన్న మాటను పొయ్యి దగ్గరా నీళ్లబిందె దగ్గరా ఇంత పట్టింపుగా అమలు చేసిన వాళ్లు ఇంకెవరూ లేరు.

ఇది సూక్ష్మజీవుల గురించి ముందే చెప్పడమని ఈమధ్య విరివిగా రాస్తున్నారు. పోలిక ఆకట్టుకుంటుంది కానీ రెండూ ఒకటి కావు. గ్రాము మంచి మట్టిలో బ్యాక్టీరియా కోట్ల కొద్దీ ఉంటాయి. 121 డిగ్రీల ఆవిరిలో పెట్టి వాటన్నిటినీ చంపవచ్చు, అప్పుడు మిగిలేవి ఖనిజాలూ కుళ్లిన పదార్థమూ. శాస్త్రం దృష్టిలో ప్రాణమున్నది మట్టిలో నివసించే వాటికి. జైనుల దృష్టిలో మట్టి రేణువే ఒక జీవి శరీరం. అద్దెకున్నవాణ్ణీ ఇంటినీ ఒకటనుకోకూడదు.

ప్రాణం ఉన్నదానికీ లేనిదానికీ మధ్య గీతను జీవశాస్త్రం కూడా సునాయాసంగా గీయలేదు. తినాలి, విసర్జించాలి, పెరగాలి, సంతానం కనాలి అంటే దీపజ్వాల నాలుగూ చేస్తుంది: నూనె, ఆమ్లజని తింటుంది, ఆవిరి, బొగ్గుపులుసు వాయువు వదులుతుంది, పెరుగుతుంది, వత్తి నుంచి వత్తికి అంటుకుంటుంది. కంచర గాడిదకు పిల్లలు పుట్టవు, అయినా అది బతికిలేదని ఎవరూ అనరు. 1994లో నాసా కోసం కూర్చున్న శాస్త్రవేత్తల బృందం ఒక సూత్రానికి వచ్చింది: తనను తాను నిలబెట్టుకుంటూ, డార్విన్ చెప్పిన తరహాలో పరిణామం చెందగల రసాయన వ్యవస్థ. దీపం ఇక్కడ తేలిపోతుంది. ఒక జ్వాల నుంచి వెలిగించిన ఇంకొక జ్వాల తల్లి పోలికలు పుణికిపుచ్చుకోదు. నువ్వుల నూనె దీపం నుంచి ఆవునేతి వత్తి వెలిగిస్తే అది నేతి దీపమే. వారసత్వ సమాచారం లేదు, కాబట్టి పరిణామం లేదు. వైరస్ మాత్రం ఇప్పటికీ గడప మీదే ఉంది, సమాచారం తన దగ్గరుంది, యంత్రాంగం మన కణంలో ఉంది.

గీతను చెరిపేయడానికి గట్టిగా ప్రయత్నించినవాడు జగదీశ్ చంద్ర బోస్. 1901 మే 10న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో లోహమూ కండరమూ ఒకే తీరున స్పందించడం గీతలుగా గీసి చూపించాడు. తగరపు తీగను పదేపదే మెలితిప్పితే దాని విద్యుత్ స్పందన అలసిన కండరంలాగే తగ్గింది, విశ్రాంతినిస్తే కోలుకుంది, కొన్ని విషాలకు ఆగిపోయింది. కొలతలు నిజమైనవే. వాటి నుంచి 'లోహానికి ప్రాణం ఉంది' అనడంలోనే గెంతు ఉంది. స్పందన ప్రాణానికి ఒక గుర్తు. గుర్తు ఒకటి కలిసినంత మాత్రాన మనిషి అతనే అయిపోడు. తగరం తన నలుగుడును మరమ్మతు చేసుకోవడానికి కొత్త తగరాన్ని తయారు చేసుకోదు. మొక్కల మీద బోస్ పని వేరే మెట్టు మీద నిలబడుతుంది, అక్కడ జీవం ఉన్నదా లేదా అన్న అనుమానమే లేదు. రెంటినీ కలిపి 'మన బోస్ రాయికి ప్రాణం నిరూపించాడు' అనడం ఆయన పట్లా న్యాయం కాదు.

ఇప్పటి తత్త్వవేత్తల్లో కొందరు ప్రాణం జోలికి పోకుండా నేరుగా చైతన్యాన్ని పట్టుకున్నారు. మెదడులోని పదార్థం నుంచి అనుభవం ఎలా పుడుతుందో ఎంత చెప్పినా తెగడం లేదు కాబట్టి, అనుభవపు బీజం ఎలక్ట్రాన్ స్థాయి నుంచే ఉందనుకుందాం అంటారు. ఇదే సర్వచైతన్యవాదం. దీనికి తగిలిన దెబ్బ 1890 నాటిదే. అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ అన్నాడు: పన్నెండు పదాల వాక్యం తీసుకుని పన్నెండు మందికి తలా ఒక పదం చెప్పండి. వరసగా నిలబెట్టండి, గుంపుగా కుక్కండి, ఎవరి పదాన్ని వాళ్లు ఎంత గాఢంగా తలుచుకున్నా సరే, మొత్తం వాక్యం తెలిసిన మనసు అక్కడ ఎక్కడా ఉండదు. కోటానుకోట్ల చిన్న స్పృహలు కలిసి ఒక 'నేను' ఎలా అవుతుంది? సర్వేశ్వరవాదికి ఇదే ప్రశ్న తలకిందులుగా ఎదురవుతుంది. మనసు మొదట ఒక్కటే అయితే, మీ పంటినొప్పి నాకు తెలియకుండా అది ఎలా విడిపోయింది? వీటికి తృప్తికరమైన జవాబు ఇచ్చినవాళ్లు నాకు కనిపించలేదు. అయినా ఈ వాదాన్ని కొట్టిపారేయలేను, ఎందుకంటే చైతన్యం ఒక దశలో ఉన్నట్టుండి ఊడిపడిందని అనడమూ అంతే కష్టం.

నమ్మకం చట్టంగా మారిన చోట ఈ అస్పష్టతకు ఖరీదు పడుతుంది. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను జీవమున్న వ్యక్తులుగా ప్రకటించింది. నది వ్యక్తి అయితే వరదకు బాధ్యులెవరు, నష్టపరిహారం ఎవరి మీద వేయాలి అని రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జులైలో స్టే వచ్చింది. అదే ఏడాది న్యూజిలాండ్ వాంగనుయ్ నదికి హోదా ఇచ్చినప్పుడు మాత్రం దాని తరఫున మాట్లాడే ప్రతినిధులెవరో చట్టంలోనే రాసుకున్నారు. చట్టం దృష్టిలో వ్యక్తి కావడానికి ప్రాణం అక్కర్లేదు. లిమిటెడ్ కంపెనీ వ్యక్తే, గుళ్లో దేవుడూ వ్యక్తే. నదిని కాపాడాలంటే దానికి ప్రాణం ఉందని నిరూపించనవసరం లేదు, దాని పేర దావా వేసే మనిషి ఉంటే చాలు.

ప్రాణం ఉందా లేదా అన్నది మాటల్లో కాక చేతిలో తేలాల్సిన చోటు విత్తనం. బతికిన వడ్లగింజా చచ్చిన వడ్లగింజా చూపుకు ఒకేలా ఉంటాయి. అంతా దేవుడే అన్నవాడికి రెండూ సమానం, నారు పోసేవాడికి కాదు. వంద గింజలు తడిగుడ్డలో చుట్టి ఉంచి మొలకలు లెక్కపెడతారు. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 మొలవాలి, వేరుశనగకు 70. జైనుల ఆగమగ్రంథం భగవతీ సూత్రం ఇదే ప్రశ్నకు ఏళ్లలో జవాబు చెప్పింది: భద్రంగా దాచిన వరి, గోధుమ, యవల్లో మొలిచే శక్తి గరిష్ఠంగా మూడేళ్లు, పప్పుధాన్యాల్లో ఐదు, అవిసె వంటి వాటిలో ఏడు. ఆ తర్వాత విత్తు అబీజం అవుతుంది.

తడిగుడ్డ ఒక్కోసారి అబద్ధం చెబుతుంది. కొత్తగా కోసిన వడ్లు కొన్ని రకాల్లో నిద్రావస్థలో ఉంటాయి. బతికే ఉంటాయి కానీ మొలవవు. అప్పుడు గింజలను రాత్రంతా నానబెట్టి, పిండం మధ్యగా నిలువునా చీల్చి, టెట్రాజోలియం క్లోరైడ్ పలుచని ద్రావణంలో కొన్ని గంటలు చీకట్లో ఉంచుతారు. ఊపిరి తీస్తున్న కణంలోని ఎంజైములు ఆ రంగులేని ద్రావణాన్ని ఎర్రగా మారుస్తాయి, చచ్చిన కణంలో ఏ మార్పూ ఉండదు. పిండాలు ఎర్రబడితే ఆ బస్తాను కొన్ని వారాలు ఆపి నారు పోసుకోవచ్చు. తెల్లగానే మిగిలితే మరకు తీసుకెళ్లి బియ్యం పట్టించుకోవడమే.